టికెట్ మీద కనిపించని గంటలు

హైదరాబాదు నుంచి డల్లాస్‌కి నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో విమానం మారితే ఇంకో వెయ్యి కలుస్తుంది. కూతురి కాన్పుకో, మనవడి అన్నప్రాసనకో అమెరికా వెళ్లే పెద్దవాళ్లు వస్తే మా డాక్టర్లలో చాలామందిమి బీపీ, షుగరు చూసి, ఆర్నెల్లకు సరిపడా మందులు రాసి పంపేస్తాం. ప్రయాణం ఎంతసేపని అడిగితే వాళ్లు టికెట్ చూసి చెబుతారు: తెల్లవారుజామున 4కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి దిగుతామని. శీతాకాలంలో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అంటే 12 అనుకున్నది ఒంటికి ఇరవైమూడున్నర గంటలు. మందుచీటీ రాసేముందు చూడాల్సిన లెక్క ఇదేనని నా వాదన.

దూరానికీ జబ్బుకీ లంకె ఉందని పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయపు లెక్కలు 2001లోనే చూపించాయి. కాలి సిరలో పుట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లో ఇరుక్కుని, దిగీదిగగానే ఆస్పత్రిపాలైనవాళ్లు 5,000 కిలోమీటర్ల లోపైతే పది కోట్లమందికి ఒకరు. 10,000 దాటితే పది లక్షలకు దాదాపు అయిదుగురు. అయితే కిలోమీటర్లు రక్తాన్ని గడ్డకట్టించవు. పిక్క కండరం బిగిసి సడలినప్పుడల్లా సిరలోని రక్తం పైకి ఎక్కుతుంది. దుబాయ్–డల్లాస్ మధ్య 16 గంటలు ఆ కండరానికి పని లేకపోతే రక్తం అక్కడే నిలిచిపోతుంది. 4 గంటలు దాటి కదలకుండా కూర్చుంటే బస్సులోనైనా రైల్లోనైనా ముప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మనవాళ్లతో ఇంకో తిరకాసు. ఇంగ్లీషు రాదన్న బెంగతో, చక్కగా నడవగలిగినవాళ్లూ వీల్‌ఛైర్ పెట్టించుకుంటారు; దుబాయ్‌లో దొరికే ఆ కాస్త నడకా పోతుంది. పక్కవాళ్లని లేపడానికి మొహమాటపడి బాత్రూముకి కూడా లేవరు.

ఆరోగ్యవంతుల్లో సుమారు 6,000 మందికి ఒకరికి వచ్చేదానికి ఇంత హడావుడి ఎందుకనే డాక్టర్లున్నారు. అంకె సరైనదే, కానీ అది ఆరోగ్యవంతులది. మోకాలి చిప్ప మార్పించుకుని నెల తిరక్కుండా బయల్దేరే ఆమెకీ, కేన్సర్ మందులు వాడుతున్న ఆయనకీ వర్తించదు. పైగా పారిస్ లెక్కలోకి ఎక్కినవాళ్లు దిగగానే కూలినవాళ్లు. గడ్డ రెండు వారాలకు బయటపడితే ఆ పిక్క వాపుని అక్కడి చలి మీదికి నెట్టేస్తారు. ఎకోస్ప్రిన్ చాలదా అంటారు. ఈ పనికి దాన్ని నమ్ముకోలేం. కాలి కొలతకు సరిపడే బిగుతు మేజోళ్లు, మధ్యమధ్య లేచి నడక, కూర్చున్నచోటే మడమలెత్తి దించడం మేలు. ముప్పు మరీ ఎక్కువున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఇంజెక్షన్ గురించి ఆలోచించాలి.

షుగరు వాళ్లకి ఈ లెక్క ఇంకా సూటిగా తగులుతుంది. రోజూ రాత్రి 9కి ఒక్కసారి ఇన్సులిన్ తీసుకునే మనిషి, దిగినరోజు డల్లాస్‌లో రాత్రి 9 దాకా ఆగితే రెండు డోసుల మధ్య ముప్పయ్యయిదున్నర గంటలు! చేతి గడియారం మార్చకుండా హైదరాబాదు టైముకే విమానంలో వేసుకుని, ఆ తర్వాత రోజుకో రెండు గంటలు జరుపుకోవడం ఒక పద్ధతి. పెన్ను చేతిసంచిలోనే ఉండాలి. కింద సామానులో గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు. రెండు టైములతో పెద్దవాళ్లు కంగారుపడతారన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే చీటీ మీద ‘రాత్రి’ అని వదిలేయకుండా, ఆ మొదటి వారానికి రెండు ఊళ్ల టైములూ పక్కపక్కన రాసివ్వాలి.