తూకపు గుర్తు

మా నాయనగారు బండిమీద వరిమోపులు పేర్పించునప్పుడు మాటిమాటికి కాడివంక చూచెడివారు. బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగియును. ముందుకు ఎక్కువైనచో వాటి మెడలు పుండ్లగును. ఈ సంగతి నాకు పదేండ్లప్పుడే తెలియును. తెలిసిన దానిని తెలియనివానివలె త్రోసివేసి నేను పొందిన అవమానమును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము వేసవిలో నా మనుమడు ఇంటర్మీడియట్ లెక్కల పరీక్షలో తప్పి, పట్టణము విడిచి కృష్ణాతీరమందలి మా ఊరికి వచ్చెను. అన్నము పెట్టిన తినును, పిలిచిన పలుకును. తనంతట తాను ఒక్క మాటయైనను ఆడడు. వాని మౌనము చూచి మా ఇంటిలో దీపము పెట్టినను చీకటిగానే యుండెను.

నేను 1974లో కళాశాలలో చదువుచు ఎన్.సి.సి. వైమానిక విభాగములో చేరి, బాల్సా కర్రతో నమూనా విమానములు చేయుట నేర్చుకొంటిని. ఆ ముచ్చట ఒకనాడు చెప్పగా వాడు తలయెత్తి, “మనము చేయగలమా, తాతయ్యా?” అని అడిగెను. ఎన్ని వారములకో వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న అది. పెన్నిధి దొరికినట్లు సంతోషించితిని.

వాడు మొదట స్పంజివంటి తేలిక పదార్థముతో చేసిన, రెక్క పైనుండు విమానముతో నడుపుట నేర్చుకొనెను. రెక్క పైన, బరువు క్రింద నుండుటచేత అట్టిది కొంత ఒరిగినను తనంతట తానే సర్దుకొనును. రెక్క క్రిందనుండునది అట్లు కాదు. అది నడుపువాని చేతిమాట వినును గాని వాని తప్పును సులభముగా దిద్దదు. అందుచేత దాని రెక్కల చివరలను కొంచెము పైకెత్తి కట్టుదురు. 1960లో స్విట్జర్లాండులో జరిగిన రేడియో విమానముల ప్రపంచపు పోటీలో అమెరికా దేశస్థుడగు ఎడ్ కజ్మిర్‌స్కీ గెలిచినది ‘ఓరియన్’ అను అట్టి క్రిందిరెక్క నమూనాతోనే. మేమును ఆ తరహాలో గీసిన ఒక ప్లాను సంపాదించి, అసలు కొలతకు అచ్చు వేయించితిమి. రెక్క పొడవు ఈ కొననుండి ఆ కొనకు 60 అంగుళములు, వెడల్పు 11 అంగుళములు.

వంకరలేని పలకమీద ప్లాను పరచి, జిగురు అంటకుండ దానిపై పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పితిమి. బాల్సా కర్ర దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమునుండి ఎక్కువగా వచ్చును. టేకు బరువులో నాలుగవ వంతైనను ఉండదు. రెక్కకు కావలసిన ప్రక్కటెముకలవంటి ముక్కలను వాడే కోసెను. ప్రతి ముక్కను గీతపై నిలిపి, గుండుసూదులతో బిగించి, జిగురు పెట్టెను. గీతకు వెంట్రుకవాసి తప్పినను ఊడదీసి మరల అతికెడివాడు. లెక్కలు రావని అందరు చెప్పిన పిల్లవాడు అంగుళమును పదహారు పాళ్లు చేసి కొలుచుట చూచి నేను లోలోపల ఆశ్చర్యపడితిని.

ఆ ప్లాను మెథనాలుతో నడచు చిన్న ఇంజనుకొరకు గీసినది. మేము దానికి మారుగా బ్యాటరీతో తిరుగు మోటారు పెట్టితిమి. అది ఇంజనుకంటె తేలిక. బరువైన బ్యాటరీని సౌకర్యముగా నుండునని రెక్కకు పైన నడుమ అమర్చితిమి. ప్లానులో రెక్క ముందంచునుండి మూడుంబావు అంగుళముల వెనుక ఒక చిన్న గుర్తు కలదు. అక్కడ రెండువైపుల వ్రేళ్లు పెట్టి ఎత్తినచో విమానము కావడివలె సమముగా నిలువవలెను. అదియే తూకపు గుర్తు.

2024 మార్చిలో మినుము తీసిన చేనిలో ఎగురవేయ నిశ్చయించితిమి. ఊరిలో సగము మంది వచ్చిరి. వాడు విమానమును ఎత్తి చూచి నా చెవిలో, “తోక బరువుగానున్నది తాతయ్యా, రేపు చూచుకొందము” అనెను. వచ్చినవారు ఎదురుచూచుచున్నారు. నేను, “యాబదియేండ్ల క్రిందటనే చేసినవాడను, నాకు చెప్పెదవా?” అంటిని.

వాడు మారు పలుకక మీట నొక్కెను. విమానము నేల విడిచిన వెంటనే ముక్కు నిక్కబొడిచి పైకి లేచెను. వాడు దించబోగా మునిగెను. ఎత్తబోగా మరింత లేచెను. తాటిచెట్టంత ఎత్తున వేగము చచ్చి, ఒక ప్రక్కకు వ్రాలి నేలను గ్రుద్దుకొనెను. తొమ్మిది నెలల పని పది క్షణములలో ముక్కలాయెను. అందరును చూచుచుండగా నేను వానితో, “నీకు ఏ పనియు చేతకాదు” అంటిని.

పరీక్ష తప్పిన పిల్లవానితో ఏ మాట ఆడరాదో ఆ మాటయే ఆడితిని. వాడు ముక్కలను గోనెసంచిలో ఏరుకొని ఇంటికి వచ్చి, అన్నము తినక పండుకొనెను.

నాకు నిద్ర పట్టలేదు. నడిరేయి లేచి, విరిగిన ముక్కును దారముతో కట్టి, బ్యాటరీని దాని స్థానములో పెట్టి, గుర్తువద్ద వ్రేళ్లుంచి ఎత్తితిని. తోక క్రిందికి జారెను. మరల ఎత్తితిని, మరల జారెను. బండి కాడివంక చూచెడి మా నాయనగారి ముఖము కన్నులయెదుట నిలిచెను. తప్పు పిల్లవాని చేతిలో లేదు, నా నోటిలో నున్నది.

ఇంటిలో వాని నొక్కని బ్రతిమాలుట తేలిక. కాని నేను మాటాడినది పదిమందిలో గదా! తెల్లవారగానే వానిని వెంటబెట్టుకొని కాఫీ హోటలుకు పోయి, నిన్నటివారందరు వినునట్లు, “వీడు ముందే చెప్పెను, నేను వినలేదు. పడవేసినవాడను నేను” అని చెప్పితిని. ఎవరో నవ్విరి. వాడు నా వంక చూడలేదు గాని, తిరిగి వచ్చునప్పుడు నాకంటె ముందు నడువక నా ప్రక్కనే నడిచెను.

ఐదు వారములు మరమ్మతు చేసితిమి. బ్యాటరీని మోటారు వెనుకకు, ముక్కులోనికి జరిపితిమి. ఇంకను కొంత చాలకపోగా, వలలకు కట్టు సీసపు గుండ్లు జాలరులవద్ద అడిగి తెచ్చి ముందు అతికితిమి. ఈసారి తూకము చూచి “సరే” అనవలసినవాడు వాడేయని ఒప్పుకొంటిని. వాడు మూడుసార్లు ఎత్తి చూచి, “సరే” అనెను. విమానము చేనిపై రెండు చుట్లు తిరిగి మెల్లగా దిగెను. ఏప్రిల్ నెలాఖరున వాడు తానే నా యొద్దకు వచ్చి, “సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టవలెను, తాతయ్యా” అనెను.

ప్రియ చదువరులారా, పెద్దవారమైనకొలది మన మాటకు బరువు పెరుగును. ఆ బరువును ఎక్కడ పెట్టుచున్నామో చూచుకొనకపోతిమా, మనము ఎగురవేయదలచిన పిల్లలను మనమే నేల గూల్చుదుము. ఆ విమానపు ముక్కుమీద అతుకు నేటికిని కనబడును. రంగు వేసి కప్పుదమా అని వాడడుగగా, ఉండనిమ్మంటిని.