ఇంటిలోపలి గడియలు

మన పాతకాలపు మండువా యిళ్లకు ఒక ధర్మం వుండేది. వీధి గుమ్మానికి గడియా, గొళ్లెమూ, తాళమూ అన్నీ వుండేవి. లోపల నాలుగు వాటాలవారు కాపురమున్నా, ఒకరి వంటింట్లోంచి ఇంకొకరి వంటింట్లోకి కాసింత చింతపండు కోసం వెళ్లాలంటే గొంతు సవరించుకుంటే చాలు. ఇవాళ మన గోడకు తగిలించుకున్న రౌటరు అనే చిన్న పెట్టె సరిగ్గా అటువంటి లోగిలినే కట్టిపెట్టింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకయ్యా అంటారేమో! మేడమీద అద్దెకు మనుషులున్న ప్రతి గృహస్థుకూ ఇది అవసరమేనని నా మనవి.

మా మేడమీదివారు చాలా మంచివారు. ఆయనది బ్యాంకు ఉద్యోగం. ఆవిడ బడిలో పాఠాలు చెబుతుంది. ఏడో తరగతి చదివే కుర్రవాడొకడు. ఒక యింటికి రెండు ఇంటర్నెట్టులు దండగ, బిల్లులో సగం మేమిస్తామన్నారు. సరేనని పాస్‌వర్డు చెప్పాం. మూడు నెలలు హాయిగా గడిచాయి.

ఒక శుక్రవారం సాయంత్రం మా ఆవిడ దీపం పెట్టి లలితాసహస్రం చదువుతూంటే, హాల్లో టీవీ తనంతట తనే వెలిగింది. ఎవరో కథానాయకుడు నలుగుర్ని చితకబాదడం మొదలెట్టాడు. రిమోటు చూస్తే అలమారులో వుంది! అంతలో కుర్రవాడు మెట్లు దూకుతూ వచ్చి, “సారీ అంకుల్, మా టీవీ అనుకుని మీది నొక్కేశాను” అన్నాడు. వాడి ఫోనులో రెండు టీవీల పేర్లూ పక్కపక్కనే కనిపిస్తున్నాయిట.

మేం నవ్వుకున్నాం. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. “టీవీ కనిపించిందంటే మిగతావీ కనిపిస్తాయి నాన్నా” అని తన ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. నా గదిలో కంప్యూటరు బిగించిన మనిషి, ప్రింటరుకు అడ్డం రాకుండా డి డ్రైవంతా అందరికీ తెరిచి, పాస్‌వర్డు కూడా అడగనక్కర్లేదని అమర్చి పోయాడు. అందులో వచ్చే నెల పరీక్షల ప్రశ్నపత్రాలున్నాయి. అమ్మాయి ఫోటోలున్నాయి. అదే జాబితాలో మేడమీద బ్యాంకాయన ల్యాప్‌టాప్ పేరు కూడా వుంది.

“రౌటరులో ఫైర్‌వాల్ వుందిగా?” అన్నాను.

వుంది. కాని అది వీధి గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడి వంటిది. బయటినుంచి పిలవకుండా వచ్చేవాణ్ణి ఆపుతుంది. లోపలే వున్న 192.168.1.5 అనే చిరునామావాడు 192.168.1.9 వాణ్ణి పిలిస్తే, పెట్టెలోని స్విచ్చి భాగమే ఇద్దర్నీ కలిపేస్తుంది. ఆ మాట కాపలావాడి చెవిన పడనే పడదు!

ఈ ఏర్పాటు ఎంతకు తెస్తుందో 2017 మే నెలలో లోకమంతా చూసింది. వన్నాక్రై అనే పురుగు, విండోసు యంత్రాలు ఫైళ్లు పంచుకునే 445 నంబరు ద్వారంలోంచి పక్క యంత్రానికి, అక్కణ్ణుంచి ఆ పక్కదానికి పాకింది. ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు. సుమారు 150 దేశాల్లో రెండు లక్షల పైచిలుకు కంప్యూటర్లు చిక్కాయి. బ్రిటనులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ సోకింది. మైక్రోసాఫ్టువారు ఆ మార్చిలోనే మరమ్మతు విడుదల చేశారు. వేసుకోని యంత్రాలకే ముప్పు వచ్చింది.

మా అమ్మాయి చేసిన చికిత్స గంట పని. చాలా రౌటర్లలో గెస్టు నెట్‌వర్కు అని వేరే పేరుతో, వేరే పాస్‌వర్డుతో ఇంకో వాటా కట్టే వీలుంది. అందులోవారికి ఇంటర్నెట్టు అందుతుంది, మన యంత్రాలు కనబడవు. లోపలి నెట్‌వర్కును చూడనిచ్చే గడి ఒకటి వుంటుంది, దాన్ని ఖాళీగా వుంచాలి. అతిథులు ఒకరికొకరు కూడా కనిపించకుండా చేసే మీట మరొకటుంది. అది వేస్తే కుర్రవాడి ఫోనుకు వాళ్ల టీవీయే కనిపించదు, అందుకని దాని జోలికి పోలేదు. తరవాత నా కంప్యూటరులో డి డ్రైవు పంపకం మాన్పించి, పాస్‌వర్డు అడిగేటట్టు చేసి, ఫైర్‌వాల్లో అమ్మాయి ల్యాప్‌టాప్ చిరునామాకు మాత్రమే అనుమతి రాసింది. ఆ చిరునామా రోజుకొకటిగా మారకుండా రౌటరులో ఖాయం చేసింది. రౌటరు సొంత తాళం కూడా మార్చింది.

చెప్పడమే కష్టం! “తలుపేసుకున్నారని వాళ్లేమనుకుంటారో” అని మా ఆవిడ రెండు రోజులు సణిగింది. చివరికి ఆదివారం కాఫీ తాగి నేనే పైకి వెళ్లాను. నా మాట పూర్తి కాకుండానే బ్యాంకాయన, “బతికించారు మాస్టారూ! ఆఫీసు ల్యాప్‌టాప్ నలుగురూ వాడే నెట్టులో పెట్టొద్దని మాకు కాగితమిచ్చారండి. మిమ్మల్ని అడగలేక మొహమాటపడి ఊరుకున్నాను” అన్నాడు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. మా ప్రింటరు ఇప్పుడు వారికి అందదు. కుర్రవాడు బడి ప్రాజెక్టు కాగితాలకు పెన్ డ్రైవు పట్టుకుని కిందికి దిగుతాడు. మా అమ్మాయి దాన్ని యాంటీవైరసుతో పరీక్ష చెయ్యనిదే కంప్యూటరు దగ్గరకు రానివ్వదు. అంతసేపూ వాడు వంటింటి గడపమీద కూర్చుని, మా ఆవిడ పెట్టిన జంతికలు నములుతూంటాడు.