లోనికి పోయిన పటము

గడచిన ఫాల్గుణమాసమున మేమొక మిత్రుని కారులో చిలకలూరిపేట నుండి పర్చూరు వైపు పోవలసి వచ్చెను. మా బడి మార్కాపురము దిక్కున మెట్టప్రాంతమున నున్నది. పదవతరగతి చదువు బాలిక యొకతె తల్లిదండ్రులతో మిరపకోతకు వలసపోయి తిరిగి రాలేదు. పరీక్షలకు పదిదినములే మిగిలెను.

మిత్రుడు మిరప వర్తకుడు. అతడు తాళపుచెవి త్రిప్పిన యెడల కారు డాష్‌బోర్డు నుండి పలకవంటి తెర మెల్లగా లేచి, దారిపటమును వెలిగించును. అతని మోమును వెలుగును. ఆ దినమున నది సగము లేచి, టకటకలాడి, లోనికి పోయెను. ముమ్మా రట్లే జరిగెను.

దాని మర్మమును తరువాత గుంటూరులో మరమ్మతువాడు విప్పి చూపెను. లోపల వ్రేలెడు మోటారు, దానికి పండ్లచక్రములు, అవి తిరుగగా తెర రెండు గాడులలో జారుచు పైకి వచ్చును. పైకి చేరుటను, లోనికి చేరుటను తెలుపుటకు చెరియొక స్విచ్చి. నడుమ నడ్డు తగిలినచో మోటారు ఎక్కువ విద్యుత్తు పీల్చును. దానిని కనిపెట్టిన గణకము, ఎవరి వ్రేలైన నలుగునేమో యని తెరను మరల్చును. మా తెరకు తగిలినది వ్రేలు కాదు, మిరపతొడిమ. దానికి చుట్టుకొన్న ప్రత్తినూగు. వర్తకుని సరకే వర్తకుని నాపినది!

ఫోను లేదా యని చదువరు లడుగవచ్చును. ఉన్నది. 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములలో నాలుగింటి సంకేతము లందిన చాలు, మనమున్న చోటు తేలును. మన నావిక్ వ్యవస్థలోని మొదటి యుపగ్రహము 2013 జూలై 1న శ్రీహరికోట నుండియే యెగసెను. కాని వలసకూలీల గుడారము లే పటమునను లేవు. అడిగి తెలిసికొనవలసినదే, మిత్రునకు అడుగుట నామోషీ. మేమే దిగి, కల్లములో తాలుకాయ లేరుచున్న స్త్రీల నడిగితిమి.

"మార్కాపురం వాళ్ళా సారూ? ఆ తుమ్మచెట్టు దాటినాక ఉన్నారు," అని యొకామె తలయెత్తకయే చెప్పెను.

బాలిక చేతులు మంటలెత్తి ఎఱ్ఱబడియుండెను. "పదిరోజుల కూలి పోతే అప్పెట్లా తీరుద్ది సారూ?" అని తండ్రి యడిగెను. మాకు జవాబు తోచలేదు. అంతవరకు కారు దిగని మిత్రుడు దిగివచ్చి, ఆ కూలి తానిత్తు ననెను. మాకు సంతోషము కంటె సిగ్గే యెక్కువ కలిగెను. బడికి రాని పిల్ల లింకను నలుగురున్నారు. వారి కూలి యెవరిత్తురు?

తల్లియు బాలికయు వెనుక కూర్చుండిరి. మిత్రుడు తాళము త్రిప్పగా తెర మరల సగము లేచి లోనికి పోయెను.

"అదేంది సారూ, బయటికి రానంటుంది?" అని బాలిక యడిగెను. మిత్రుడు నవ్వలేదు.