కార్గిల్ మిద్దెల మీద పొదుపు

శ్రీనగర్ నుండి తూర్పు దిశగా బయలుదేరి, సోనామార్గ్ దాటి, దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న జోజిలా కనుమను ఎక్కి దిగేసరికి కాశ్మీరు పచ్చదనం వెనుకబడిపోతుంది. కొండలు నగ్నంగా, బూడిద రంగులో నిలబడి ఉంటాయి. గడ్డకట్టే చలికి పేరుమోసిన ద్రాస్ దాటాక మరో 60 కిలోమీటర్ల దూరంలో, సూరు నది ఒడ్డున కార్గిల్ పట్టణం కనిపిస్తుంది. శ్రీనగర్ నుండి ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు.

1999 నాటి యుద్ధం వల్ల ఈ పేరు తెలియని భారతీయుడు లేడు. కానీ ఆగస్టు మాసంలో ఇక్కడికి వచ్చే యాత్రికుణ్ణి ముందుగా పలకరించేది యుద్ధ స్మృతి కాదు, రంగు. మంచు కరిగిన నీటి కాలువలు సాగే చోటల్లా చిన్న చిన్న తోటలు, ఆ తోటల నడుమ మట్టి మిద్దెలు, ప్రతి మిద్దె మీదా ఎండకు పరచిన నారింజ వన్నె పండ్లు. అవే ఖుబానీలు. హైదరాబాదు పెళ్ళివిందుల్లో, పండుగ పూట మన ఇళ్ళలో మీగడతో కలిపి వడ్డించే ఖుబానీ కా మీఠాకు మూలమైన పండు ఇది. స్థానికులు దీనిని ‘చులి’ అంటారు. మనకు ఇది విందు భోజనంలోని చివరి వంటకం. వారికి మాత్రం చలికాలపు ఆహారం.

లదాఖ్ ప్రాంతంలో వర్షపాతం అత్యల్పం. మంచు కరిగి పారే నీళ్ళే సేద్యానికి ఆధారం. శీతకాలంలో జోజిలా మంచుతో మూసుకుపోతే కూరగాయలు, పండ్లు తెచ్చే లారీలు ఆగిపోతాయి. కనుమ కింద సొరంగ నిర్మాణం సాగుతున్నది గాని, తరతరాలుగా ఇక్కడి గృహిణి లెక్క మాత్రం ఒక్కటే: దారి మూసుకునేలోగా ఇంట్లోకి ఏది చేరితే అదే తిండి.

ఖుబానీతో ఉన్న చిక్కేమిటంటే, చెట్టు మీది కాయలన్నీ కొద్ది రోజుల తేడాతో ఒక్కసారే పండుతాయి. కోసిన పండు రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఒక్క పెద్ద చెట్టు కాపును ఒక కుటుంబం తిని ముగించలేదు. ఆ కొద్ది రోజులు ఏమరుపాటుగా ఉంటే ఏడాది ఫలం నేలపాలవుతుంది. అందుకే ఆ రోజుల్లో పిల్లలు, పెద్దలు అందరూ తోటలోనే ఉంటారు. మగవారు కొమ్మలు కుదుపుతారు. స్త్రీలు పండ్లను ఏరి, కొన్నింటిని గింజతోనే ఉంచి, కొన్నింటిని చీల్చి గింజ తీసి, మిద్దెల మీదా, ఎండకు కాగిన బండల మీదా పరుస్తారు. వారం పది రోజుల్లో అవి ముడుచుకొని, గోధుమ వన్నెకు తిరిగి, సంచుల్లోకి చేరతాయి. పండు గుజ్జులో నీటి పాలే ఎక్కువ కావడంతో ఐదు కిలోల గుజ్జు ఎండితే సుమారు ఒక కిలో మిగులుతుంది.

గింజ కూడా వృథా కాదు. తీపి పప్పును తింటారు, చేదు పప్పు నుండి నూనె తీస్తారు. పైపెంకు పొయ్యిలోకి వెళుతుంది. మా పెద్దలు ‘ఇస్రాఫ్ చేయకండి, దుబారా వద్దు’ అని చెబుతుంటే వినడమే గాని, ఒక పండును తొక్క నుండి పెంకు దాకా ఇలా వాడుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఒక మిద్దె మీద పండ్లు తిరగేస్తున్న వృద్ధురాలిని, “అమ్మా, వీటికి చక్కెర పట్టించరా?” అని ఉర్దూలో అడిగాను. ఆమె నవ్వి, “చక్కెర కొనాలి బేటీ, ఎండను కొనక్కర్లేదు కదా!” అన్నది.

ఆ ఒక్క మాటలో గృహ ఆర్థికశాస్త్రం ఇమిడి ఉన్నది. ఇంట్లో పండ్లు నిలవ చేస్తే డబ్బు మిగులుతుందని మనం తేలికగా అనుకుంటాం. అన్నివేళలా అది నిజం కాదు. మురబ్బాకు పండు తూకానికి ఇంచుమించు సమానంగా చక్కెర కావాలి. ఆవకాయకు నూనె, కారం, ఆవపిండి కావాలి. వీటి ఖర్చు కలిపితే కొన్నిసార్లు బజారు సీసాయే చవక. రుచి కోసం, శుభ్రత కోసం అవి తప్పక చేసుకోవచ్చు. కానీ పొదుపే ధ్యేయమైతే ఎండబెట్టడానికి మించిన మార్గం లేదు. దానికి గ్యాసు అక్కరలేదు, చక్కెర అక్కరలేదు, కావలసిందల్లా ఉప్పు, గుడ్డ, ఓపిక.

ఎండకు మన తెలుగు నేలపై కొదువ లేదు. వేసవి ఈదురుగాలులకు రాలిన పచ్చిమామిడి చవకగా దొరుకుతుంది. తోట యజమాని అనుమతి ఉంటే ఉచితంగానే ఏరుకోవచ్చు. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెడితే ఒరుగులు సిద్ధం. పప్పులోనూ దాల్చాలోనూ చింతపండుకు బదులు అవే పనికొస్తాయి. సంక్రాంతి నాళ్ళలో రేగుపండ్లను బెల్లం, ఉప్పు, మిరపకాయలతో దంచి వడియాలు పెట్టుకోవచ్చు. ఉసిరి ముక్కలకు ఉప్పు పట్టించి ఎండబెడితే నెలల తరబడి నిలుస్తాయి.

అయితే కార్గిల్ గాలిలో తేమ తక్కువ, మన కోస్తా గాలిలో ఎక్కువ. కాబట్టి సాయంత్రం కాగానే ముక్కలను ఇంట్లోకి తేవాలి, పైన పలుచని గుడ్డ కప్పాలి. ముక్కను విరిచి నొక్కితే తడి తగలకూడదు. గాజుసీసాలో పోసిన వారం తర్వాత మూత లోపల చెమ్మ కనిపిస్తే మళ్ళీ ఎండబెట్టాలి. బూజు పట్టినదాన్ని మాత్రం కడిగి వాడుకుందామని చూడకూడదు, పారవేయాలి.

ఖుబానీలు కొనే సోదరీమణులకు రెండు మాటలు. కేవలం ఎండలో ఎండినవి గోధుమ రంగులో, చూపుకు సామాన్యంగా ఉంటాయి. మెరిసే నారింజ రంగు సాధారణంగా గంధకపు పొగ పట్టించడం వల్ల వస్తుంది. కనుక రంగు చూసి మోసపోవద్దు. గింజ పగులగొట్టి పప్పు వాడేటప్పుడు ముందుగా కొద్దిగా రుచి చూడండి. చేదుగా ఉంటే పారవేయండి. చేదు పప్పు నుండి కడుపులో సయనైడ్ అనే విషం పుడుతుంది. పిల్లలకు అది మరీ ప్రమాదం.

కార్గిల్ ఇళ్ళలో అక్టోబరు నాటికి సంచులు నిండుతాయి. వాటిలో ఒక పాలు అమ్మకానికి, ఒక పాలు చలికాలానికి. చెట్టులేని పొరుగింటికి, అతిథికి ఇవ్వడానికి దోసెడు వేరుగా ఉంచుతారు. నేను తిరుగు ప్రయాణమైనప్పుడు ఆ వృద్ధురాలు నా కొంగులో పోసినవి ఆ దోసెడులోనివే.