తొమ్మిదో తరగతి మైగ్రేషన్

జవహర్ నవోదయ విద్యాలయాల్లో తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లల్లో 30 శాతం మంది ఒక విద్యా సంవత్సరంపాటు మరో రాష్ట్రంలోని నవోదయకు వెళ్ళి చదవాలన్నది నియమం. హిందీ మాట్లాడే ప్రాంతం వాళ్ళు హిందీయేతర ప్రాంతానికి, హిందీయేతర ప్రాంతం వాళ్ళు హిందీ ప్రాంతానికి. పిల్లలూ, పంతుళ్ళూ దీన్ని మైగ్రేషన్ అంటారు. పల్నాడు జిల్లాలో ఈ ఏర్పాటున్న బడి చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. ఉమ్మడి గుంటూరు జిల్లా కాలం నుంచీ ఉన్నదే. ముప్పాళ్ళ, మాదల, నార్నెపాడు లాంటి ఊళ్ళ పిల్లలు నవోదయ ప్రవేశ పరీక్ష రాస్తున్నారంటే, సీటొస్తే చేరేది అక్కడే. పరీక్ష రాసేటప్పుడు ఇంట్లోవాళ్ళ ధ్యాసంతా సీటు మీదే ఉంటుంది. మూడేళ్ళ తరువాత పిల్లాడు రైలెక్కి ఏ ఉత్తరాదికో పోవలసి రావచ్చన్న సంగతి అప్పటికి ఎవరికీ పట్టదు.

నవోదయలు 1986 జాతీయ విద్యా విధానంలోంచి వచ్చాయి. మొదటి రెండూ 1985–86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో ప్రయోగంగా తెరిచారు. అప్పుడు కేంద్రంలో మానవ వనరుల శాఖ చూస్తున్నది పి.వి. నరసింహారావు. ఊరి పిల్లలకు ఉచితంగా భోజనం, వసతి పెట్టి మంచి చదువు చెప్పించడం ఆయనకు కొత్త కాదు. 1971లో ఆయన హయాంలోనే నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. నవోదయలో దానికి అదనంగా చేరినది భాషల మార్పిడి. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి, ఒక మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చిన మనిషి మంత్రిగా ఉన్నప్పుడు ఇలాంటి నియమం పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఒక్కో బడిలో ఆరో తరగతికి 80 మంది దాకా చేరతారు. సీట్లలో కనీసం 75 శాతం పల్లెటూరి పిల్లలవి, మూడో వంతు ఆడపిల్లలవి. తరగతి నిండుగా ఉంటే మైగ్రేషన్ వాటా 24 మంది. బడులను జంటలుగా కలుపుతారు. ఆ జతను బట్టే హిందీ ప్రాంతపు నవోదయలో మూడో భాష ఏదో ఖరారవుతుంది. జతబడి తెలుగు నేలమీద ఉంటే, అక్కడి పిల్లలంతా ఆరో తరగతి నుంచే తెలుగు దిద్దాలి. అందుకే ఏ మధ్యప్రదేశ్‌లోనో, ఉత్తరప్రదేశ్‌లోనో ఒక మారుమూల నవోదయలో తెలుగు పంతులు ఉద్యోగం ఉంటుంది. తెలుగు చదివినవాళ్ళకు ఆంధ్ర, తెలంగాణ దాటితే కొలువు లేదనుకునేవారికి ఇది కొత్త కబురే. త్రిభాషా సూత్రం వద్దన్న తమిళనాడులో మాత్రం నవోదయలే లేవు.

ఐరోపాలో బడిపిల్లల మార్పిడి వేరే తీరున ఉంటుంది. ఐర్లండు పిల్ల వారమో రెండు వారాలో ఫ్రాన్సులో తన ఈడు పిల్ల ఇంట్లో ఉండి, వాళ్ళ అమ్మ వండినది తిని, తరువాత ఆ పిల్లను తన ఇంటికి పిలుస్తుంది. 1963లో ఫ్రాన్సు, జర్మనీ ఒప్పందం చేసుకుని యువజన సంస్థను నెలకొల్పాక ఈ పద్ధతికి ప్రభుత్వాల దన్ను కూడా దొరికింది. నవోదయలో ఇల్లు లేదు, డార్మిటరీ ఉంది. అమ్మ వంట లేదు, మెస్సు ఉంది. కొత్తవాడు పెరటి ముచ్చట్లు వినడు గాని, ఏడాది పొడుగునా పక్క మంచం వాడితోనే ఉంటాడు. భాష వంటబట్టడానికి రెండు వారాల ఆతిథ్యం కన్నా ఈ తప్పించుకోలేని సహవాసమే బాగా పనిచేస్తుంది. మొదట వచ్చేది పుస్తకంలోని హిందీ కాదు. బకెట్టు కోసం, క్రికెట్‌లో అవుటు కోసం కొట్లాడే హిందీ.

మొదటి నెల కష్టమంతా కంచం దగ్గరే. మూడు పూటలా అన్నమే తిని పెరిగిన ముప్పాళ్ళ కుర్రాడి ముందు రాత్రిపూట రొట్టెలు పెడతారు. పెట్టెలో తెచ్చుకున్న పండుమిర్చి పచ్చడి సీసా వారం తిరగకముందే గదంతా పంచుకు తినేస్తుంది. కారానికి కళ్ళు తుడుచుకుంటూనే అక్కడివాళ్ళు మళ్ళీ చెయ్యి చాపుతారు. పుష్యమాసపు చలి ఇంకొక పరీక్ష. పల్నాటి పిల్లలకు స్వెట్టరంటే ఏటా నాలుగు రోజుల వస్తువు; అక్కడ అది వేసుకునే పడుకోవాలి. ఇటు వచ్చినవాళ్ళకు గోంగూర పులుపు, మార్చి నుంచే మొదలయ్యే ఎండ. సాయంత్రం ఆరింటికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి.

ఇచ్చిపుచ్చుకోవడం సమంగా జరుగుతుందా అంటే జరగదు. నవోదయ నిబంధనల ప్రకారం పైతరగతుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లిషులో, సాంఘికం హిందీలో చెప్పాలి. తెలుగు పిల్లాడికి హిందీ రావడం మార్కుల అవసరం. ఉత్తరాది పిల్లాడికి తెలుగు రాకపోయినా ఆగిపోయే పాఠం ఏదీ లేదు. గుణింతాలు దిద్ది, అంగట్లో బేరమాడేంత నేర్చి ఊరుకున్నా ఏడాది గడిచిపోతుంది. పైగా పక్క మంచం తెలుగువాడు మర్యాదకు పోయి తనే హిందీలోకి దిగుతాడు. తెలుగు గట్టిగా నేర్చుకుని వెళ్ళినవాళ్ళు నిజంగా ఇష్టపడి నేర్చుకున్నవాళ్ళే.

మామూలు సర్కారు బడులకు వచ్చేసరికి మార్పిడి బాగా పలచబడుతుంది. 2015లో ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద ఆంధ్రప్రదేశ్‌ను పంజాబ్‌తో, తెలంగాణను హర్యానాతో జతకట్టారు. జత రాష్ట్రపు భాషలో 100 వాక్యాలు నేర్పడం అందులో ఒక పని. 2018 చివర్లో ‘భాషా సంగం’ పేరుతో ఉదయం ప్రార్థన వేళ 22 భాషల్లో రోజుకో భాష చొప్పున చిన్న చిన్న వాక్యాలు పలికించారు. వరసలో నిలబడి పలికిన పంజాబీ మధ్యాహ్నం అన్నం గంటకే మరుపునపడుతుంది, జవాబు చెప్పే పంజాబీ పిల్లాడు ఎదుట లేడు కనుక.

మైగ్రేషన్ వెళ్ళినవాళ్ళు పదో తరగతికి సొంత బడికి వచ్చేస్తారు. సీబీఎస్ఈ బోర్డు పరీక్ష రాసేది ఇక్కడే.