నీళ్లు లేని చోట గాలితో బంగారం

కాల్‌గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా

తమ్ముడూ,

పెర్త్ నుంచి తూర్పుగా దాదాపు 600 కిలోమీటర్లు వచ్చి ఈ ఊళ్లో దిగాను. ఎటు చూసినా ఎర్రమట్టి, యూకలిప్టస్ చెట్లు, ఉప్పుచెరువులు. ఏడాదంతా పారే ఏరు ఒక్కటీ లేదు. 1892లో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ ఈ పక్కనే కూల్‌గార్డీలో బంగారం కనుక్కున్నారు. మరుసటి ఏడు ప్యాడీ హానన్‌కూ ఆయనతో ఉన్న ఇద్దరికీ ఇక్కడే దొరికింది.

బంగారపు మట్టిని మామూలుగా నీళ్లతో కడుగుతారు. ఇక్కడ తాగడానికే నీళ్లు కరువు. ఉప్పునీటిని కాచి, ఆవిరిని చల్లార్చి, గ్యాలన్ల లెక్కన అమ్మేవారు. అందుకే బంగారం వెతికేవారు గాలిని పనిలో పెట్టారు. మన కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినట్టే, నలగ్గొట్టిన పొడిమట్టిని ఎత్తుగా పట్టిన పళ్లెంలోంచి నేలమీది పళ్లెంలోకి ధారగా వదిలేవారు. దుమ్ము ఎగిరిపోయేది, బరువైనది కింద పడేది. అలా పోసిందే పోసి, చివర మిగిలిన గుప్పెడు మట్టిని నోటితో ఊదేవారు.

కిటుకంతా సాంద్రతలో ఉంది. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, పలుగురాయి రెండున్నర రెట్లే. తరువాత తిత్తి ఉన్న చెక్కయంత్రాలు వచ్చాయి. పైన జల్లెడ, కింద వాలుగా బిగించిన గుడ్డ, దానిమీద అడ్డంగా కొయ్యబద్దలు. అడుగునుంచి తిత్తి ఊదుతుంటే తేలిక మట్టి జారిపోతుంది, బంగారం బద్దల దగ్గర ఆగుతుంది. ఈ పనిని డ్రైబ్లోయింగ్ అంటారు. ఇప్పటికీ కొందరు పెట్రోల్ ఇంజన్‌తో ఇదే పని చేస్తున్నారు.

అయితే వాన పడితే పని బంద్. తడిమట్టి గాలికి విడిపోదు. మరీ సన్నటి బంగారం దుమ్ముతోపాటే పోయేది. ఆ దుమ్మును మనుషులు రోజంతా పీల్చేవారు.

ఇంజనీరు ఓకానర్ రూపొందించిన పైపులైను 1903లో ముండారింగ్ ఆనకట్ట నుంచి 530 కిలోమీటర్లు నీళ్లను ఇక్కడికి తెచ్చింది. ఆ నీళ్లు చూడకుండానే ఆయన 1902లో కన్నుమూశారు. 1929లో నిలిపిన హానన్ విగ్రహం చేతిలో కూడా నీటిసంచే ఉంది.

నువ్వు పిల్లలకు సైన్సు చెబుతావు గనుక ఒక మాట. ఎండిన ఇసుకలో కాస్త ఇనుపరజను కలిపి, రెండు పళ్లేలతో ఆరుబయట ఈ పని చేయించు. దుమ్ము కళ్లల్లో పడకుండా చూసుకో. సాంద్రత పాఠం వాళ్లు ఇక మరిచిపోరు.

మీ అన్నయ్య