తాలు గింజల డబ్బా

పటాన్‌చెరులో ఇక్రిశాట్ గేటు ముందు బస్సు దిగేసరికి నా చేతిలో రెండు గుడ్డసంచులున్నాయి. ఒకదాంట్లో కదిరి దగ్గర మా ఊరి నుంచి అమ్మ పంపిన మంచి వేరుశనగ విత్తనాలు. గులాబీ రంగు పొట్టు, నిండు గింజ. రెండోదాంట్లో తాలు. మా ఇంట్లో ఏటా బుడ్డలు వొలిచాక అవ్వ వాటిని చాటలో పోసుకుని చెరుగుతూ కూర్చునేది. నిండు గింజలు బస్తాలోకి, బస్తా మండీకి. ముడుచుకుపోయినవి, పొట్టు నల్లబడినవి, బద్దలైనవి ఒక రేకు డబ్బాలోకి. ఆ డబ్బా మాది. ఏడాది పొడుగునా ఊరిబిండి, చిత్రాన్నంలోకి పోపు, పిల్లలకు బెల్లంతో దంచిన ఉండలు అన్నీ అందులోంచే. మంచివి తింటే అప్పు ఎట్ల తీరుతుంది అనేది అవ్వ.

అఫ్లటాక్సిన్ అనే మాట నేను మొదట విన్నది ఊళ్లో కాదు, ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు. వేరుశనగ గింజ మీద పెరిగే పసుపుపచ్చ బూజు తయారుచేసే విషమని, కాలేయాన్ని దెబ్బతీస్తుందని చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ డబ్బాయే. అప్పటి నుంచి ఈ రెండు సంచులూ పట్టుకుని ఇక్కడికి రావాలని ఉంది.

గేటు బయట ఫ్యాక్టరీల రొద, లారీల దుమ్ము. లోపల ఒకపక్క ఎర్రనేల, ఒకపక్క నల్లరేగడి, మధ్యలో చెరువు, దాని మీద కొంగలు. 1972లో పెట్టిన సంస్థ, దాదాపు 1,400 హెక్టార్ల ఆవరణ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, ఇలా వాన మీద బతికే రైతు పంటలే దీని పని. ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన లక్షా ఇరవై వేలకు పైగా విత్తన రకాలను ఇక్కడ చల్లటి గదుల్లో దాచారు.

ల్యాబ్‌లో నా సంచులు అందుకున్నది పక్క ఊరి నుంచి వచ్చే టెక్నీషియన్. తాలు సంచి మూతి విప్పి వాసన చూశాడు.

"పల్లీలు ఏ ఊరివన్నా?"

"కదిరి పక్కన. మేం బుడ్డలంటాం."

"గివి నానినై. నీళ్లు జల్లి మిషన్‌లేసిన్రు గదా?"

అక్షరాలా నిజం. ఎండిన కాయ మిషన్‌లో వేస్తే గింజ పగిలి ధర పడిపోతుంది. అందుకని ముందురోజు నీళ్లు చల్లి, గోనెపట్టాలు కప్పి, మరునాడు ఒలిపిస్తారు. ఆ ఒక్క రాత్రి తడీ వెచ్చదనమూ బూజుకు చాలు.

రెండు సంచుల గింజలనూ విడివిడిగా పొడి కొట్టి, ఒక్కోదాంట్లోంచి 20 గ్రాములు తూచి, 70 శాతం మిథనాల్‌లో కొంచెం పొటాషియం క్లోరైడ్ కలిపిన 100 మిల్లీలీటర్ల ద్రావణం పోసి బ్లెండర్ తిప్పాడు. తర్వాత సీసాలను ఊపే యంత్రం మీద పెట్టాడు. ఫలితం సాయంత్రానికి అన్నారు. ఈలోపు పొలం చూసి రమ్మన్నారు.

పొలంలో నాకు తోడు వచ్చిన శాస్త్రవేత్త వేరుశనగ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆమె మొదట తీసుకెళ్లింది ఒక రోగపు మడికి. మామూలుగా పొలానికి రోగం రాకూడదని చూస్తాం. ఇక్కడ తెచ్చిపెడతారు. ధాన్యం గింజల మీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రాన్ని పెంచి, ఆ గింజలను సాళ్ల వెంట చల్లుతారు. పంట ముదిరే ఆఖరు వారాల్లో నీళ్లు ఆపేస్తారు. అప్పుడు వందల రకాల్లో ఏది తట్టుకుంటుందో, ఏది లొంగిపోతుందో తెలుస్తుంది.

ఆమె ఒక మొక్కను పీకి వేళ్ల మట్టి దులిపి నా చేతికిచ్చింది. పూవు పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగి కాయ మట్టిలోనే ఊరుతుంది. అంటే కాయ పుట్టినప్పటి నుంచీ శిలీంధ్రానికి పక్కింటిదే, ఆ శిలీంధ్రం ఉండని నేల లేదు. తడి ఉన్నంతకాలం గింజ ఊరుకోదు. బూజు తగలగానే స్టిల్బీన్ల లాంటి రక్షణ పదార్థాలు తయారుచేసుకుని దాన్ని అక్కడే ఆపుతుంది. ఆఖరి మూడు నాలుగు వారాల్లో వాన మొహం చాటేసి, మట్టి వేడి 28, 30 డిగ్రీల దగ్గర నిలిచిపోతే గింజలో తడి తగ్గిపోతుంది. తడి తగ్గిన గింజ ఆ మందు చేసుకోలేదు. శిలీంధ్రానికి మాత్రం ఆ వేడే అనుకూలం.

నేను ఆ మొక్కను పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. మా అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన. జూన్, జూలైల్లో విత్తితే కాయ ఊరే వేళకు ఎన్నోసార్లు చినుకు ఉండదు. గింజ ముడుచుకుపోయేదీ అప్పుడే, విషం ఎక్కేదీ అప్పుడే. తాలు గింజలోనే విషం ఎక్కువ ఉండడానికి కారణం ఇంటి డబ్బాలో లేదు, అవ్వ చాటలోనూ లేదు. గింజ ముడత పడిందంటేనే ఆ ఆఖరి వారాల్లో దానికి కాపలా లేకపోయిందని గుర్తు. "రైతులు సరిగా నిల్వ చేయరు" అని సదస్సుల్లో చెప్పే మాట నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. నిల్వ తప్పులు ఉన్నాయి, కాదనను. ఆరకముందే కుప్ప వేయడం, నీళ్లు చల్లి ఒలవడం, కాయలో తడి 8 శాతానికి దిగకముందే బస్తా కట్టడం. కానీ సగం పని పొలంలోనే, వాన చేతిలోనే జరిగిపోతోందని తెలిసినవాళ్లు రైతును ఒక్కడినే వేలెత్తి చూపకూడదు.

"మరి తట్టుకునే రకం ఒక్కటి తీయలేరా?" అని అడిగాను.

ఆమె దాటేయలేదు. వేరుశనగలో కాపలా మూడు చోట్ల ఉంటుందట. కాయకు శిలీంధ్రం పట్టకుండా ఒకటి, గింజ పొట్టును దాటి లోపలికి పోకుండా ఒకటి, పోయినా విషం తయారుకాకుండా ఇంకొకటి. మూడింటికీ వేర్వేరు జన్యువులు. గుజరాత్‌లోని జునాగఢ్ నుంచి వచ్చిన జె-11 అనే పాత రకానికి పొట్టు దగ్గర కాపలా గట్టిది. కాని తవ్వేటప్పుడు పార తగిలినా, పురుగు కొరికినా పొట్టు చిరుగుతుంది, ఇక ఆ గట్టితనం దేనికీ పనికిరాదు. ఒక రకంలో మూడూ కలిపి, దానికి దిగుబడి కూడా జోడించడమే ఏళ్లుగా సాగుతున్న పని.

ఇంకో చిక్కు వేరుశనగ పుట్టుకలోనే ఉంది. దక్షిణ అమెరికాలో రెండు అడవి మొక్కలు, అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపేన్సిస్, సుమారు పదివేల ఏళ్ల కిందట కలిశాయి. రెండింటి క్రోమోజోములూ పూర్తిగా నిలిచిపోయి 40 క్రోమోజోముల కొత్త మొక్క తయారైంది. ఆ రెండు తల్లి మొక్కల జన్యుపటం 2016లో వచ్చింది, మనం పండించే వేరుశనగది 2019లో. అవి చదివాక తేలిందేమిటంటే, ప్రపంచంలోని వేరుశనగంతా దాదాపు ఆ కలయిక సంతతే. అడవి బంధువులతో మళ్లీ కలవడం దానికి కష్టం. కాబట్టి కొత్త కాపలా ఎక్కడి నుంచి రావాలన్నా దారి సన్నటిది.

గోధుమ వాళ్ల అదృష్టం గురించి ఆమె చెప్పినప్పుడు గొంతులో కొంచెం అసూయ వినిపించింది, అది నాకు నచ్చింది. గోధుమకు కంకి బూజు తెచ్చే ఫ్యూజేరియం కూడా ఒక విషం వదులుతుంది. గోధుమకు దగ్గరి బంధువైన ఒక అడవి గడ్డిలో ఆ విషాన్ని విరిచే ఎఫ్‌హెచ్‌బీ-7 అనే జన్యువు ఉందని 2020లో కనుక్కున్నారు. విచిత్రం, అది ఆ గడ్డి సొంత జన్యువు కాదట. ఎప్పుడో గడ్డి లోపల కాపురముండే ఒక శిలీంధ్రం నుంచి వచ్చి చేరిందని పరిశోధకులు తేల్చారు. బూజుకు విరుగుడు మరో బూజు ఇచ్చిందన్నమాట. క్రాసింగ్‌తోనే దాన్ని గోధుమలోకి తేవచ్చు.

వేరుశనగకు అంత సులువుగా దొరకలేదు. ఇక్కడి వాళ్లు అమెరికాలోని డాన్‌ఫర్త్ కేంద్రంతో కలిసి వేరే దారి పట్టారు. లూసర్న్ జాతి మొక్కల నుంచి శిలీంధ్రాన్ని అడ్డుకునే డిఫెన్సిన్ జన్యువులు తెచ్చి వేరుశనగలో పెట్టారు. విడిగా, శిలీంధ్రం విషం వండుకునే జన్యువులనే నోరు మూయించే ఆర్‌ఎన్‌ఏను మొక్క చేతనే తయారుచేయించారు. 2017లో ఫలితం ప్రకటించారు, రెండు పద్ధతులూ విషాన్ని బాగా తగ్గించాయి. అయితే మన దేశంలో జన్యుమార్పిడి వేరుశనగ సాగుకు అనుమతి లేదు. ఆ గింజ మా చేలోకి రాదు, నేను బతికుండగా వస్తుందన్న నమ్మకమూ నాకు లేదు.

మధ్యాహ్నం ల్యాబ్‌కు తిరిగొచ్చాక ఒక చీకటి గదిలో నా తాలు గింజల పొడిని అతినీలలోహిత కాంతి కింద పెట్టి చూపించారు. పొడి అంతా మసక ఊదా. అక్కడక్కడ, సూదిమొనంత మేర, నీలి మెరుపు. అఫ్లటాక్సిన్ బి అనే పేరుకు ఆ నీలమే కారణం, బ్లూ అన్న ఇంగ్లీషు మాట మొదటి అక్షరం. ఆకుపచ్చగా మెరిసేవి జి రకం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతుకుతూ వెళ్లి, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో దీన్ని పట్టుకున్నారు. మెరుపు ఒక సూచన మాత్రమేనని, కొలత వేరే అని టెక్నీషియన్ హెచ్చరించాడు. కానీ మా ఇంటి పొడిలో ఆ నీలపు చుక్కలు చూడటం నాకు అంత తేలిగ్గా లేదు.

చట్టం గీత తినే పల్లీలకు మన దేశంలో 10 పీపీబీ. వంద కోట్ల భాగాల్లో పది భాగాలు. యూరప్‌లో 4. అంత చిన్న అంకె వింటే నవ్వొస్తుంది గానీ, శాస్త్రవేత్త ఒక కాగితం తీసుకుని లెక్క వేసింది. ఒక్కోసారి ఒకే గింజలో పది లక్షల పీపీబీ దాకా విషం దొరికిన దాఖలా ఉంది. అలాంటి అర గ్రాము గింజలో అర మిల్లీగ్రాము విషం. యాభై కిలోల బస్తాలో మిగతా గింజలన్నీ బంగారంలా ఉన్నా, అది ఒక్కటే బస్తా మొత్తాన్ని 10 పీపీబీకి చేరుస్తుంది. బస్తాలో దాదాపు లక్ష గింజలు. లక్షలో ఒక్కటి. అందుకే ఎగుమతి మిల్లుల్లో రంగు చూసి ఏరే యంత్రాలు పెడతారు. యంత్రం నెట్టేసిన గింజ సముద్రం దాటదు, ఇక్కడే ఉండిపోతుంది. చౌక నూనెకు, చౌక చిక్కీకి, చెక్కగా మారి పశువుకు. రిఫైన్ చేసిన నూనెలో విషం పోతుంది, చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలల్లో ఎం-1 అనే రూపంలో మళ్లీ మన గ్లాసులోకే వస్తుంది.

హైదరాబాద్‌కు ఈ కథతో పాత బంధం ఉంది. 1974లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో గిరిజనులకు కామెర్లు, పొట్టలో నీరు. వాళ్లతోపాటు ఇంటి కుక్కలకూ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి చూస్తే, అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేలింది. 397 మంది జబ్బు పడ్డారు, 106 మంది చనిపోయారు. తడిసిన మొక్కజొన్న తిన్నది వాళ్లకు తెలియక కాదు. ఇంట్లో వేరే గింజ లేక.

ఒక్కసారిగా చంపేది అరుదు. కొంచెం కొంచెంగా తినేదే మన లెక్క. కాలేయం విషాన్ని విరగ్గొట్టబోయి దాన్ని ఇంకా చురుకైన ఎపాక్సైడుగా మారుస్తుంది, అది డీఎన్ఏకు అతుక్కుంటుంది. హెపటైటిస్-బి ఉన్న మనిషికి కాలేయ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, టోగోల్లో అయిదేళ్ల లోపు పిల్లల రక్తం పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 99 మంది రక్తంలో దీని ఆనవాలుంది. ఆనవాలు ఎక్కువున్న పిల్లలు ఎదుగుదలలో వెనకబడ్డారు. పేగు లోపలి పొర దెబ్బతినడం, అక్కడి సూక్ష్మజీవుల కుదురు చెదరడం అందుకు దారితీస్తాయా అన్నదాని మీద ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు. పెరుగులో ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా గోడలకు ఈ విషం అతుక్కుంటుందని పరీక్షనాళికలో చూశారు. దాన్ని పట్టుకుని పెరుగన్నం తింటే విరుగుడు అనే వీడియోలు చేస్తున్నారని శాస్త్రవేత్త బాధపడింది. వేయించినా కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఈ విషానికి రుచి ఉండదు, వాసన ఉండదు.

నాలుగున్నరకు పిలిచారు. అరచేయంత ప్లాస్టిక్ పలక, దాంట్లో 96 గుంటలు. ఈ పరీక్షలో లెక్క తిరకాసుగా ఉంటుంది. విషం లేకపోతే పసుపు బాగా తేలుతుంది, విషం ఉన్నకొద్దీ రంగు పలచబడుతుంది. టెక్నీషియన్ చివరి ద్రావణం పోసి పలకను తెల్లకాగితం మీద పెట్టాడు. మంచి విత్తనాల గుంటలు పసుపు నీళ్లలా చిక్కబడుతూ వచ్చాయి. వాటి పక్కవరస తాలు గింజలది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఆ వరస తెల్లగానే ఉంది. యంత్రంలో పెట్టి చదివాక అంకె కూడా చెప్పారు, 10కి చాలా పైన. "అన్నా, గవి తినకుర్రి" అన్నాడతను, మెల్లగా.

చెట్టు కింద నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. చెప్పిందంతా విని చాలాసేపు ఏమీ అనలేదు.

"మరి ఆవుకు పెట్టేదా?"

"దానికీ వద్దమ్మా, పాలల్లో వస్తుంది."

"మీ అవ్వ చేదు గింజ నోట్లో పడినా ఉమ్మేసేది కాదురా," అంది అమ్మ. "పారేసేదెందుకని మింగేసేది."

నాకు మాట రాలేదు.

"వచ్చేటప్పుడు రెండు పట్టాలు కొనుక్కురా నాయనా. పెద్దవి. ఈసారి కాయలు ఉత్త నేల మీద ఆరబొయ్యను, నీళ్లు చల్లనియ్యను. వొలిచేదానికి కూలోళ్లను పెట్టుకుందాం, ఖర్చయితే అయ్యింది."